దగ్గు వినిపించని ఫోను

పత్రికలో ఆ వారం పేజీ అంతా నిండింది. అడుగున హాస్యం పెట్టె ఒక్కటే ఖాళీ. పేజీ దిద్దే ఆయన గడియారం వంకా ఫోను వంకా మార్చి మార్చి చూసి, ఆ పెట్టె నింపాల్సిన తన స్నేహితుణ్ణి మనసులోనే నాలుగు తిట్లు తిట్టుకున్నాడు. ప్రతి వారం ఇదే తంతు.

ఆ పెట్టె నింపే మనిషిని చూస్తే హాస్యం రాస్తాడని ఎవరూ అనుకోరు. బక్కపలచటి మనిషి, మెడ దాకా గుండీలు, మొహాన చిరునవ్వు జాడైనా ఉండదు. పత్రికాఫీసులో అందరూ ఆయన్ని 'గంభీరం' అనేవారు. ఏదో కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రాసేవీ ఘనమైన సంగతులేం కావు. కారే కుళాయి, బిగుసుకుపోయిన కిటికీ. 'కొత్త చెప్పులు కొన్నాను. నేను వాటిని తొడుక్కున్నానో, అవి నన్ను తొడుక్కున్నాయో తేలేసరికి మడమ తోలు ఊడింది' అని రాస్తే, కుంటుతూ నడిచే ప్రతివాడూ అది తన గురించేనన్నాడు.

సమయానికి ఇవ్వడం మాత్రం ఆయన జాతకంలోనే లేదు. ఆలస్యమైనప్పుడల్లా భార్య చేత ఫోను చేయించి, వెనక నిలబడి సాకు అందించేవాడు. పిల్లి కాగితాల మీద నిద్రపోయిందనీ, లేపడానికి మనసొప్పడం లేదనీ ఆవిడ పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. వెనకనుంచి ఆయన దగ్గు వినిపించేది. కాలు విరిగిందని చెప్పించిన రోజు సాయంత్రమే చక్కగా నడుచుకుంటూ వచ్చి కాగితాలు ఇచ్చి వెళ్లాడు.

ఫోను మోగింది. ఆవిడే.

"అన్నయ్యగారూ, ఆయన చనిపోయారండీ. పొద్దున్నే."

గొంతు ఎప్పటిలాగే మెల్లగా, తడబాటు లేకుండా ఉంది. పేజీ దిద్దే ఆయన పగలబడి నవ్వాడు. పక్క బల్లలవాళ్లకు చెబితే వాళ్లూ నవ్వారు.

"చచ్చిపోతే చచ్చాడు గానీ, ముందు కాలమ్ ఇచ్చి చావమనమ్మా."

రాసే పెట్టారనీ, వచ్చి తీసుకెళ్లమనీ చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది.

ఇల్లు రెండు వీధుల అవతలే. ఈసారి సాకు మరీ శ్రుతి మించిందని గొణుక్కుంటూ, దొరకగానే ఎలా దులపాలో మాటలు కూర్చుకుంటూ నడిచాడు. మలుపు దగ్గర ఒక్కసారిగా ఆగిపోయాడు. ఇవాళ వెనకనుంచి దగ్గు వినిపించలేదు.

గుమ్మం ముందు చెప్పులు, లోపల ఇరుగుపొరుగు. మంచం మీద గంభీరం, ఎప్పటిలాగే మెడ దాకా గుండీలు పెట్టుకుని. పేజీ దిద్దే ఆయన చెప్పులు విడవడం మరిచి మంచం దాకా వెళ్లాడు. ఇచ్చి చావమన్నాను, ఇచ్చి చావమన్నాను అని తల్లో అదే మాట తిరుగుతోంది.

మంచం పక్కన కూర్చున్న ఆవిడ తలెత్తింది. "మీ తప్పేం లేదు అన్నయ్యగారూ. ఫోను చేసి చెబితే ఆయన తమ్ముడూ నవ్వాడు. డాక్టరుగారూ నవ్వారు. ఇన్నాళ్లూ ఈయన నా చేత అందరికీ అబద్ధాలే చెప్పించారు. ఇవాళ నిజం ఎలా చెప్పాలో నాకు తెలియలేదు."

కాలమ్ ఎక్కడుందో చేత్తో చూపించింది. తీసుకోవడానికి ఆయన బల్ల దగ్గరికి వెళ్లాడు. కాగితాల మీద కళ్లజోడు ఉంది. పక్కనే ఫోను. ఇంకెవరి నవ్వూ వినలేక కాబోలు, రిసీవర్ కిందికి దించి, దాని మీద గంభీరం తువ్వాలు కప్పి ఉంది.