చాప ఒప్పుకోవాలి

పొద్దున్నే తారైవినీ మెట్లు కడిగి, తలుపు గొళ్ళేన్ని సబ్బునీళ్ళతో తుడిచి, మొగలాకు చాపను గుమ్మంలో పరిచింది. తన చేత్తో అల్లిన చాప అది. ఒంట్లో నలత ఉన్నవాళ్ళు కాలు పెడితే చుట్టుకుపోతుంది. జలుబు చేసిన ఇరుగుపొరుగువాళ్ళు అది చూసి, "సరే, తగ్గాక వస్తాం" అని వెనుదిరిగేవాళ్ళు.

లోపల ఆరేళ్ళ మనవరాలు లైసానీ ఉంది. రక్త కేన్సర్. మందు ఎక్కించి తొమ్మిది రోజులైంది. రోగాలతో పోరాడే తెల్లకణాలు ఒంట్లో దాదాపు లేవు. "ఈ వారం గండం. కాస్త ఒళ్ళు వెచ్చబడినా వెంటనే తీసుకొచ్చెయ్యండి" అని సువా ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది.

ఆవేళే కడావు దీవి నుంచి తారైవినీ తమ్ముడు అపెనిసా దిగాడు, చుట్టాలు కలిస్తే దంచి కలుపుకు తాగే యంగోనా మొక్క వేళ్ళ కట్ట చంకలో పెట్టుకుని. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. అయినా కాలు పెట్టగానే చాప చుట్టుకుపోయింది.

"నీ చాపకి కళ్ళు పోయాయా అక్కా? పడవలో రాత్రంతా పాడుకుంటూ వచ్చాను. పిల్ల బుగ్గకి ఒక్కసారి ముక్కానించి పోతాను."

"చాప ఒప్పుకోలేదురా. నేనేం చెయ్యను?"

యంగోనా తెచ్చిన చుట్టాన్ని ఊరికే పంపితే దీవి దీవంతా ఆడిపోసుకుంటుంది. అందుకని తారైవినీ పెరటి పాకలో వేళ్ళు దంచి నీళ్ళలో కలిపింది. తమ్ముడూ తానూ ఒకే కొబ్బరి చిప్పలో మార్చి మార్చి తాగారు. తారైవినీ మంచి మనిషే పాపం, మర్యాద దగ్గరికొచ్చేసరికి బుద్ధి పనిచెయ్యదు.

అతన్ని సాగనంపి వచ్చి గుమ్మంలో కాలు పెట్టింది. చాప ఆమె మడమల దాకా చుట్టుకుంది.

"నేను అల్లితే పుట్టినదానివి, నాకే అడ్డమా!" అని ఇంతెత్తున లేచింది. విప్పి పరిచింది. మళ్ళీ చుట్టుకుంది. ఈసారి రెండు కాళ్ళతో తొక్కిపట్టింది.

కూతురు మెరెయోని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. లోపలికి రాకు."

"నేను పెట్టందే అది ముద్ద ముట్టదే!"

"నేను బతిమాలి పెట్టుకుంటాను. నువ్వు మాత్రం రాకు."

తారైవినీ కాళ్ళు తీసింది. కళ్ళు తుడుచుకుంటూ చర్చి వెనక ఖాళీ గదికి పోయింది.

మూడో రోజుకి ఆమెను జ్వరం మంచాన పడేసింది. కడావులో తమ్ముడికీ అంతేనని కబురొచ్చింది. మంగళవారం లైసానీ రక్తం చూసిన డాక్టరమ్మ, "కణాలు పెరుగుతున్నాయి. బతికిపోయాం. ఈ వారం ఏ జ్వరం అంటుకున్నా పిల్ల తట్టుకునేది కాదు" అంది. మెరెయోని ఇంటికొచ్చి చాప పక్కన కూలబడి భోరున ఏడ్చింది.

జ్వరం తగ్గాక, ఇల్లు వదిలిన పన్నెండో రోజున తారైవినీ వచ్చి చాప మీద నిలబడింది. అది కదల్లేదు.

"అమ్మమ్మా, రా!" అని లోపల్నుంచి లైసానీ చేతులు చాచింది.

తారైవినీ కిందికి చూసింది. మళ్ళీ చూసింది. మెల్లగా అడుగు వెనక్కి తీసి మెట్టు మీద కూర్చుంది.

"ఇది ఒప్పుకుంది గానీ తల్లీ, నాకే ఇంకా ధైర్యం చాలట్లేదు. ఇంకొక్క రోజు ఆగుతాను."