నవ్వమంటే నవ్విన పిల్ల

దుప్పటి మళ్ళీ తడిసింది. ఇంట్లో ఎవరూ లేవకముందే ఆమె పిల్ల మంచం దగ్గరికొచ్చి చేత్తో తడిమి చూసింది. పరుపు మధ్యలో చల్లగా తగిలింది. పిల్లని మెల్లగా పక్కకి దొర్లించి, గౌను మార్చి, తన శాలువా తెచ్చి కప్పి, దుప్పటి ఉండచుట్టి చంకలో పెట్టుకుని స్నానాలగది వైపు నడిచింది. నీళ్ళ చప్పుడు బయటికి వినపడకుండా కుళాయి సన్నగా తిప్పింది. కన్నబిడ్డ దుప్పటి ఉతకడానికి ఇంత దొంగతనమా అనిపించింది. అనిపించినవన్నీ ఆలోచించుకుంటూ కూచుంటే పొయ్యి మీదకి పాలెవరు ఎక్కిస్తారు?

"మళ్ళీ తడిపిందా?"

అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఉంది. స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని, ముక్కు మాత్రం పనిచేస్తున్నట్టు గాలి పీలుస్తోంది.

"కొంచెమే అత్తయ్యా."

"కొంచెమేంటమ్మా, ఇల్లంతా కంపు కొడుతుంటే! నేను ముగ్గుర్ని పెంచాను. ఒక్కళ్ళూ ఇలా చెయ్యలేదు. నీకు ఉద్యోగం మీదున్న ధ్యాస దాని మీదుంటే కదా."

ఆమె నవ్వింది. ఆ ఇంటికొచ్చిన కొత్తల్లో నేర్చుకున్న నవ్వది. పళ్ళు కనపడవు, పెదవులు ఒక పక్కకి కాస్త సాగుతాయి, అంతే. అది చూస్తే అవతలివాళ్ళకి మాట గెలిచామన్న తృప్తి కలుగుతుంది. తిట్టు అక్కడితో ఆగిపోతుంది.

పిల్లకి ఐదేళ్ళు. గొంతు సన్నంగా ఉంటుందని ఆమె దాన్ని పిచ్చుకా అని పిలుస్తుంది. మూడో ఏడు నిండకుండానే పక్క తడపడం మానేసిన పిల్ల. వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యాక ఒకరోజు భర్త, "ఇది కాళ్ళు విసురుతోంది, నాకు నిద్ర ఉండట్లేదు. పెద్దదైంది, వేరే పడుకోబెట్టు" అన్నాడు. హాల్లో కిటికీ పక్కన చిన్న మంచం వేశారు. కిటికీ రెక్క సరిగ్గా పడదు. ఆ సందులోంచి వచ్చే గాలికి పిల్ల మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. ఆ మంచం మీదే మళ్ళీ మొదలైంది.

"ఇన్ని చూసుకోలేకపోతే తల్లివెందుకయ్యావు?" అన్నాడు మొదటిసారి. తర్వాత వైద్యం తనే మొదలుపెట్టాడు. చీకటి పడితే పిల్లకి చుక్క నీళ్ళివ్వకూడదన్నాడు. అదీ పనిచెయ్యకపోయేసరికి, "సిగ్గు తెలిస్తే అదే మానుతుంది" అని తేల్చాడు. ఆఫీసులో పదిమంది మీద అధికారి. ఇంట్లో ఏ సంగతైనా తేల్చడం ఆయన వంతు, తేల్చినదాన్ని ఉతికి ఆరేయడం ఆమె వంతు.

ఆ ఉదయం ఆమె జడ వేస్తుంటే పిల్ల కిక్కురుమనకుండా కూచుంది. జడ లాగినా అమ్మా అనలేదు. అందరూ మెచ్చుకునేది అందుకే. నాన్న పడుకుంటే మునివేళ్ళ మీద నడుస్తుంది, ఎవరైనా వస్తే బొమ్మలు తనే మంచం కిందకి తోసేస్తుంది, ఇష్టంలేని కూర నీళ్ళతో మింగేస్తుంది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా!" అంటే తల్లికి గర్వంగా ఉండేది. తన పెంపకాన్ని ఆ ఇంట్లో మెచ్చుకునే మాట అదొక్కటే మరి.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో, వెనకగదిలో. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అంచులు అరగదీసి బిగించాలి. ఒక వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం జారిపోతుంది, తక్కువైతే బిగుసుకుని పగులుతుంది. పదకొండు దాటాక ఒక ముసలాయన కళ్ళజోడుకి అద్దాలు బిగిస్తుంటే ఫోన్ వరసగా మోగడం మొదలుపెట్టింది. అత్తింటివాళ్ళ గ్రూపు. ఎవరిదో పుట్టినరోజేమో అనుకుంటూ తెరిచింది.

ఫొటోలో వీధి గేటు, తను షాపుకి బయల్దేరాక తీసింది. గేటు మీద ఆమె తెల్లారకుండా ఉతికిన దుప్పటి. పక్కన స్కూలు బట్టల్లో పిచ్చుక, దుప్పటి అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కింద భర్త రాసిన మాట: "మా ఇంటి జలపాతం. సందర్శకులకు ఉచితం."

దాని కింద నవ్వులే నవ్వులు. "ఊళ్ళో నీటి కరువు తీరిందిరా" అని చిన్నమామగారు. "చిన్నప్పటినుంచే స్వయంకృషి" అని ఒక మరిది. ఆడపడుచైతే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా పెట్టింది.

ఆమె ఫొటోని పెద్దది చేసింది. పిల్ల నవ్వుతోంది. పళ్ళు కనపడకుండా, పెదవులు ఒక పక్కకి కాస్త సాగి.

చేతిలో అద్దం అంచు టక్కున విరిగింది.

"పిల్లకి బాలేదు, వెళ్ళాలి" అంది షాపు యజమానితో.

"పెళ్ళయిన ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇదేనమ్మా బాధ. చెయ్యి చూస్తే బంగారం, మనసు చూస్తే ఇంట్లో. ఆ అద్దం సంగతేంటి?"

"నా జీతంలో పట్టుకోండి" అంది. అలవాటుగా పెదవులు సాగబోయాయి. దవడ బిగించి ఆపింది.

స్కూల్లో టీచరు పిల్లని తీసుకొచ్చి అప్పగిస్తూ, "ఒకటికి వెళ్ళేటప్పుడు మంట అని ఏడుస్తోందండీ. ఇంట్లో చెప్పలేదా?" అంది. సంచిలో నీళ్ళ సీసా పొద్దున నింపి పంపినట్టే నిండుగా ఉంది. పిల్ల పెదాలు ఎండి పొలుసులు లేచాయి. చలికాలం కదా అని రోజూ వాటికి వెన్న రాసి పంపుతోంది తను. చలే అనుకుంది. ఏం తల్లినో, అనుకుంది.

డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది, పరీక్ష చేయించింది. "మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అందుకే ఆపుకోలేకపోతోంది. నీళ్ళు బాగా తాగుతుందా?"

ఆమె నోరు తెరిచేలోపే పిల్ల చెప్పింది. "నేను తాగను. నీళ్ళు తాగితే చెడ్డపిల్లంట. పొద్దున కూడా తాగను. అప్పుడు ఇంకా మంచిపిల్లని."

డాక్టరమ్మ పిల్ల వంక కాదు, తల్లి వంక చూసింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది, ఎదురు చెప్పడానికైనా వీలుండేది.

మందులు కొన్నాక బస్సుస్టాపు బెంచీ మీద పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని శాలువా చుట్టింది. ఎండ ఉంది కానీ వేడి లేదు. సీసా మూత తీసి నోటికందిస్తే పిల్ల ఒక గుక్క తాగి, తప్పుచేసినట్టు ఆమె మొహంలోకి చూసింది.

"తాగమ్మా. ఎవరూ ఏమీ అనరు." సీసా మళ్ళీ అందిస్తూ అడిగింది. "పొద్దున నాన్న ఫొటో తీసినప్పుడు నవ్వమన్నారా?"

"ఊఁ."

"నీకు నవ్వొచ్చిందా?"

"రాలేదు. పక్కింటి పిల్లలు చూస్తున్నారు." పిల్ల సీసా మూత తిప్పుతూ కూచుంది. "అయినా నవ్వాను. నాన్న, నానమ్మ తిడితే నువ్వు నవ్వుతావుగా. అలా నవ్వితే తొందరగా అయిపోతుంది కదమ్మా."

బస్సు వచ్చింది. జనం ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది. ఆమె కదల్లేదు.

ఇన్నాళ్ళూ తను పిల్లకి అక్షరాలు నేర్పుతున్నాననుకుంది, రంగులు నేర్పుతున్నాననుకుంది. అవన్నీ తీరిక దొరికినప్పుడు నేర్పినవి. రోజంతా నేర్పింది మాత్రం ఇది. ఓర్చుకుంటున్నది పిల్ల కోసమే అని ఎన్నిసార్లు చెప్పుకుందో. పిల్ల ఆ ఓర్పు చూసి నేర్చుకుంది. గీత గీతకీ తల్లి పెదవులనే తన మొహంలోకి దించుకుంది. భర్త మీద కోపం రావాల్సినంతా వచ్చింది. దాని వెనకే తన మీద కూడా వచ్చింది, కానీ దాన్ని పట్టుకుని ఏడుస్తూ కూచుంటే మళ్ళీ సుఖపడేది వాళ్ళేనని తోచి లేచింది.

ఇంటికొచ్చి, అత్తగారు "ఇంత తొందరగా వచ్చావేం?" అని అడుగుతూనే ఉండగా, పడకగదిలోంచి భర్త దిండు, రగ్గు తీసుకొచ్చి హాల్లో చిన్న మంచం మీద పడేసింది. పిల్ల బట్టలు, బొమ్మలు గదిలోకి చేర్చింది.

"ఇదేం చోద్యం?"

"పిల్లకి జబ్బు అత్తయ్యా. కిటికీ గాలి తగలకూడదు. మా ఇద్దరికీ ఆ గది చాలు."

"మరి వాడు?"

"ఆయనకి జబ్బేం లేదుగా."

సాయంత్రం భర్త తన అక్కని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. సోఫాలో కూచుంటూనే ఆడపడుచు పిల్లని దగ్గరికి లాక్కుంది. "ఏమే జలపాతం, బాగున్నావా?"

అందరూ నవ్వారు. నవ్వుతూ, ఎప్పటిలాగే, ఆమె నవ్వు కోసం ఆమె వంక తిరిగారు. ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. మొహంలో ఏమీ లేదు.

"ఏంటలా బిగుసుకుపోయావు? సరదాకి అన్నది" అన్నాడు భర్త.

"నాకు సరదాగా లేదండీ."

"నీకు హాస్యం తెలీదు."

"పిల్లకి ఇన్‌ఫెక్షన్. మీరు నీళ్ళు మాన్పించారు, అది దాహంతోనే స్కూలుకి పోయింది. డాక్టరు చెప్పింది ఇది. ఆ ఫొటో తీసేసి, ఎందుకు తీసేశారో అందులోనే రాయండి. మీరు రాయకపోతే నేను రాస్తాను. నాకూ ఆ గ్రూపులో చోటుంది."

"అక్క ముందా ఈ మాటలు?"

"వదిన ముందేగా ఫొటో పెట్టింది."

ఆడపడుచు చేతుల్లోంచి పిల్ల మెల్లగా జారి, నడిమధ్యన నిలబడింది. అలవాటైన నవ్వు అప్పటికే దాని పెదాల మీదకి వచ్చేసి ఉంది. నాన్న మొహం చూసింది, నానమ్మ మొహం చూసింది. తర్వాత తల్లి మొహం చూసింది. అక్కడ నవ్వు లేదు. చాలాసేపు అలాగే చూసింది. పెదవులు వణికి, కిందకి వంగి, ఒక్కసారిగా నోరంతా తెరిచి గొల్లున ఏడ్చింది. అంత చిన్న గొంతులో అంత ఏడుపుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

"చూశావా, పిల్లని ఎలా ఏడిపించావో! ఊరుకోబెట్టు ముందు" అంటూ అత్తగారు లేచింది.

ఆమె నేలమీద చతికిలబడి, పిల్లకి చేతులు చాపింది.

"ఏడవనివ్వండి అత్తయ్యా" అంది. "మా పిల్ల ఏడవగలదు."