గీత నిలిచిన రోజు

ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెడితే పుణ్యం. మరి ఒక మనిషిని పొట్టనబెట్టుకున్నదానికి పెడితే?

చాలా ఏళ్ళుగా పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ ఆయన దేవుణ్ణి అడిగే మాట ఇదే. ల్యాబులో ఆయన పని పెద్దపేగు క్యాన్సర్ కణాలను పెంచడం. అవి ఎవరి ఒంట్లో పుట్టాయో ఆ మనిషి ఎప్పుడో పోయాడు. అవి మాత్రం ఒంటివేడి ఉన్న పెట్టెలో గులాబీరంగు ద్రవం తాగుతూ దివ్యంగా ఉన్నాయి. పాత ద్రవం తీసి కొత్తది పోస్తాడు కనుక అందరూ ఆయన్ని వంటాయన అంటారు. "ఇంట్లో పొయ్యి ఏ మూలుందో తెలీదు, ఈయన వంటాయనట," అని భార్య ఇవాళ కూడా నవ్వింది. ఉద్యోగానికి ఇవాళే ఆఖరు.

తొడుగులు వేసుకుని పెట్టెలోంచి రెండు గిన్నెలు తీశాడు. నిన్న రెండింటిలోనూ కణాల పొర మీద సన్నటి మొనతో తనే గీత గీశాడు. మామూలుగా తెల్లారేసరికి రెండు గట్ల నుంచీ కణాలు పాకి గీతను పూడ్చేస్తాయి. ఒంట్లో పేగు నుంచి కాలేయానికి పాకే గుణమూ ఇదే. వాటిని "పదండి, పదండి" అని తరిమే ప్రోటీను ఒకటుంది. దాని నోరు మూయించే మందును ల్యాబులోని కుర్ర పరిశోధకురాలు రెండో గిన్నెలో కలిపింది. ఈసారీ గీత పూడితే ఈ పని ఆపెయ్యమన్నారు పైవాళ్ళు.

ఆమె కొత్తగా చేరినప్పుడు మొదటి గిన్నెకే బూజు పట్టింది. ఏడుస్తుంటే ఆయనే టీ పెట్టి ఇచ్చాడు. "బాకీ ఉంచు బాబాయ్, గీత నిలిచిన రోజు నేను పెడతా," అంది అప్పుడు.

ఆమె మైక్రోస్కోపులో మొదటి గిన్నె చూసింది. "పూడిపోయింది." రెండోది పెట్టి చాలాసేపు తలెత్తలేదు.

"ఏమ్మా?"

"గీత అలాగే ఉంది."

"చచ్చి ఊరుకున్నాయేమో చూడు. నా పిల్లల సంగతి నాకు తెలీదూ? బతికుంటే కుదురుగా ఉండవు."

ఆమె చచ్చిన కణాలకే పట్టే రంగు వేసి మళ్ళీ చూసింది. "బతికే ఉన్నాయి బాబాయ్. కదలట్లేదంతే. ఒక్కసారి చూసి నమ్మకూడదులే, మళ్ళీ చెయ్యాలి."

"చేద్దువుగాని. ఇక ఆపమనరుగా?"

"అనరు."

ఆయన ఒక కన్ను మూసి చూశాడు. కణాలన్నీ గట్ల మీదే చతికిలబడి ఉన్నాయి. దణ్ణం పెట్టబోయి, చేతికి తొడుగులున్నాయని ఆగాడు. తను ఇన్నాళ్ళూ శత్రువును మేపాడో, వాడి గుట్టు తెలిసేదాకా కాపలా కాశాడో దేవుడు ఇంకా తేల్చలేదు. ఇవాళ ఎందుకో అడగాలనిపించలేదు.

సాయంత్రం ఆమె వరండాలోకి టీ గ్లాసు తెచ్చింది. "బాకీ చెల్లు."

ఆయన ఒక గుటక వేసి, కాస్త ఆగి, మిగతాదంతా తాగేశాడు. "అమృతంలా ఉందమ్మా," అని చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గట్టు మీద మిగిలిన గ్లాసులో, చెంచా తగలని పంచదార అడుగున కదలకుండా కూర్చుని ఉంది.