సన్యాసప్పని గాలిగిరికీ

ఫాల్గుణమాసప్రాతఃకాలమున జీడిమామిడితోటల పూతపరిమళమును మోసికొనివచ్చు మందమారుతము వీణలకు పేరుగన్న బొబ్బిలిపట్టణమున వీథివీథిని సంచరించుచుండ, లేతయెండ పెంకుటిండ్ల కప్పులపై కుంకుమపొడి చల్లినట్లు పరచుకొనుచుండ, పాలవాండ్ర సైకిలుగంటలు మేలుకొలుపులు పాడుచుండ, అట్టి మనోహరసమయమున వివాహమహోత్సవదృశ్యసంకలననిపుణయు, వధూవరులకంటె ఎక్కువమాఱులు వారి పెండ్లిని చూచినదియు నగు కనకమహాలక్ష్మి తన మిక్సింగుగదిలో కంప్యూటరు తెరువక చెక్కిట చేయిచేర్చి కూర్చుండియుండెను.

ఆమె చింతకు కారణము కలదు. ఆమె తండ్రి సన్యాసప్పడు తప్పెటగుళ్ళ గురువు. రొమ్మున రేకుతప్పెటయు కాళ్ళ గజ్జెలును కట్టి ఆయన ఆటకు దిగినచో అలసిన పశులకాపరులుసయితము అన్నము మఱచి చూచుచుండెడివారు. ఆటముగింపున ఆయన నింగికెగసి గిరగిర తిరిగి నేలకు దిగుచు ఒక దరువు పుట్టించెడివాడు. దానినే జనులు గాలిగిరికీ యనిరి. గురువు తన కడపటి యడుగును వారసునికి స్వహస్తములతో గజ్జెలు కట్టిన దినముననే నేర్పుట ఆ బృందాచారము. ఆ దినము రాకమునుపే సన్యాసప్పడు జ్వరపీడితుడై స్వర్గస్థుడయ్యెను. సంవత్సరీకమునాటికి ఆ యడుగు వేయువాడు లేనిచో గురువు తప్పెటను అమ్మవారి గుడిదూలమునకు వ్రేలగట్టి ఇక నెన్నటికిని మ్రోగింపరాదు. ఆ సంవత్సరీకము వచ్చు ఆదివారమే.

జాతరలో సన్యాసప్పడాడిన ఆట ఒక డీవీడీయందు నిలిచియుండెను. జ్యేష్ఠపుత్రుడైన ఎరకయ్య దానిని టీవీలో వేసి, ముందుజాగ్రత్తకై తెరయెదుట సెల్ఫోను పట్టుకొని వీడియో తీసికొని, డీవీడీని తండ్రిపటముచెంత పదిలపఱచెను. ఆ సెల్ఫోను వీడియోలో గాలిగిరికీ వచ్చుసరికి పాదములచుట్టు దువ్వెనపండ్లవంటి గీతలు లేచి సన్యాసప్పనికి నాలుగు పాదములు కానవచ్చెను. అదనపు పాదములు అమ్మవారివేయని ఊరు ఊరంతయు నమ్మి ఆ సెల్ఫోనుకు కర్పూరహారతి నిచ్చెను. పాపము ఎరకయ్య నాలుగు పాదముల పని రెండింటితో చేయబోయి మడమ బెణికించుకొని మాసముపాటు మంచమెక్కెను. దేవతతో పోటీపడువాని గతి అంతియే గదా.

అసలు డీవీడీ చేజిక్కినగాని లాభములేదని కనకమహాలక్ష్మి యానాడే పుట్టినూరికి పోయెను. పోయి చూచి నిర్ఘాంతపోయెను. భక్తిపరుడైన అన్న ప్రతిశుక్రవారము డీవీడీ మెఱయువైపున పసుపు పూసి అంచున కుంకుమబొట్లు పెట్టుచుండెను. ముట్టుకొనినచో అపచారమని యాతడు అడ్డము నిలిచెను.

“నాన్న అందులో ఉన్నాడే కనకం. నువ్వు గానీ పాడుసేస్తే మరి మనకి నాన్నేడీ?” అని యాతడు పలికెను.

“అందులో ఉన్నాడు గాబట్టే ఇమ్మంటన్నానన్నా. మొకానికి పసుపేసి మూసేస్తే నాన్నెలాగ కనబడతాడు?” అని యామె మెల్లగా బదులుచెప్పెను.

ఎరకయ్య తుదకు డీవీడీని రెండుచేతులతో తీసి చెల్లెలి ఒడిలో నుంచెను.

కనకమహాలక్ష్మి బొబ్బిలికి మరలివచ్చి దానిని మంచినీటితో కడిగి మెత్తనిగుడ్డతో నడుమనుండి అంచువైపు తిన్నగా తుడిచెను. పసుపు పోయెను గాని కుంకుమ పెట్టిన వ్రేలిగోటి గీఱులు అంచున మిగిలెను. గాలిగిరికీ ఆట చివరిది, డీవీడీలో ఆట చివరిభాగముండునది ఆ యంచుననే. కంప్యూటరు మొదలంతయు చక్కగ చదివి అచ్చటికి రాగానే గుఱ్ఱుమని మూల్గి ఆగిపోయెను. ఐనను ఆమె ధైర్యము చిక్కబట్టుకొని, డీవీడీలు చదువు మూలబడిన పాత డ్రైవును వెదకి తగిలించి, తొందరపడక నెమ్మదిగా చదువునట్లు అమర్చి కూర్చుండెను. ముసలియెద్దు బురదలో బండిలాగినట్లు ఆ డ్రైవు ఆగుచు సాగుచు మధ్యాహ్నము వాలువేళకు సర్వమును కంప్యూటరులో దించెను. తెరను సెల్ఫోనున పట్టుట లేదు, పెండ్లి వీడియోలవలె కుదించుటయు లేదు. డీవీడీలో నెట్లున్నదో అట్లే ఆ దృశ్యమును కత్తిరించి వేఱుపఱచెను.

దువ్వెనగీతలు మాత్రము అందును కలవు. పెండ్లి వీడియోలలో నట్టి గీతలను మసకబఱచి మఱుగుపుచ్చుట ఆమెకు వాడుక. నేడు మసకబఱచుటకు చేయిరాలేదు. తేఱిపాఱజూడగా మర్మము తోచెను. ఒక్కొక్క చిత్రమున రెండు క్షణములు గీతవిడిచి గీతగా అల్లుకొనియున్నవి. అవి దోషములు కావు, తండ్రి వేగమునకు సాక్ష్యములు. ఆమె ఆ యల్లికను విప్పి క్షణమునకు క్షణమును వేఱుచేసి నెమ్మదిగా నడపెను. నాలుగు పాదములు మాయమై తండ్రి పాదములు రెండే నిర్మలముగా గాలిలో తేలెను. కుడిమడమ ఎడమకాలి గజ్జెలను గాలిలోనే తాకి ఘల్లుమనిపించుచుండెను. చిన్ననాట చెవులార విని నేలమీది దరువనుకొన్నది అదియే! కనకమహాలక్ష్మి పకపక నవ్వుచునే కన్నీరు కార్చెను. అంతటి యానందము ఆమె యెన్నడు నెఱుగదు.

నయమైన మడమతో ఎరకయ్య చెల్లెలి తెరయెదుటనే అడుగు నేర్చెను. ఆదివారము గుడిముంగిట ఆ గొల్లబృందమునకు పెద్దయగు దాలయ్య దూలమునకు తప్పెట కట్టుటకు క్రొత్తత్రాడు చంకనిడుకొని సిద్ధముగా నిలిచియుండెను. అడుగిచ్చినవారెవరని యాతడడుగగా ఎరకయ్య చెల్లెలిని చూపెను. ఆ గజ్జెలను అంతకుమున్ను ఆడుదానిచేయి తాకి యెఱుగదు. జనమంతయు దాలయ్యవంక చూచెను.

“అడుగిచ్చినోళ్ళే గజ్జె కట్టాల. కట్టమ్మా,” అని దాలయ్య శాంతముగా పలికెను.

కనకమహాలక్ష్మి అన్నకాళ్ళకు గజ్జెలు కట్టెను. తప్పెట మ్రోగెను. ఎరకయ్య నింగికెగసెను, తిరిగెను, గాలిలో గజ్జెలు ఘల్లుమనెను. గొల్లపెద్దలందఱు ఒక్కపెట్టున లేచి నిలుచుండిరి. తండ్రిసొత్తు పటముచెంత పూజలందుటచే నిలువలేదు, బిడ్డ కడిగి తుడిచి చూచుటచే నిలిచెను. ఆ సాయంకాలము దాలయ్య ఇంటికి పోయి ఆ క్రొత్తత్రాడుతో దూడను కట్టివేసెను.