పద్నాలుగో గదిలో మూడు నిమిషాలు

మధ్యాహ్నం రెండింటికి తత్వశాస్త్రం క్లాసు. ఆసుపత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టు ఒంటిగంటన్నరకి అయ్యేది. మైకు గబగబా చేతులు కడుక్కుని, దారిలో నడుస్తూనే ఇంత ఎంగిలిపడి, యూనివర్సిటీలో పద్నాలుగో గది చివరి బెంచీ మీద కూలబడేది. మైకు అన్నది తోటిపిల్లలు పెట్టిన పేరు. యూనివర్సిటీ గేటు దగ్గర స్టూలెక్కి నినాదం అందుకుందంటే అవతలి వీధిలో కిటికీలు తెరుచుకునేవి.

పద్నాలుగో గదిలో మాత్రం ఆ గొంతు పనికొచ్చేది కాదు. ఆ గదిలో సొంతం కాని మాట వినపడదు. ఎక్కడో చదివింది అప్పజెప్పబోతే పెదాలు కదులుతాయి, అంతే. ఫ్యాను రెగ్యులేటరు పనిచేయదని చెప్పినట్టే, కొత్తవాళ్ళకు పాతవాళ్ళు ఈ సంగతీ చెప్పేవారు.

మాస్టారి పరిస్థితి మరీ అన్యాయం. ఇరవై ఏళ్ళుగా అవే నోట్సు. గంటసేపు పెదాలు కదిపి, బోర్డు నిండా రాసి, తుడిచి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవారు. మధ్యలో "ఆ కిటికీ వెయ్యండమ్మా, ఎండ కొడుతోంది" అన్నది ఒక్కటే వినపడేది. పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. మైకూ నిద్రపోయేది, కాకపోతే పిడికిలి బిగించి.

చిక్కంతా ఏడాది చివరి మౌఖిక పరీక్షతోనే. మూడు నిమిషాలు మాట్లాడాలి. గుమాస్తా స్టాప్ వాచీ పట్టుకుని కూర్చుంటాడు, వినపడినంతసేపే లెక్క. మైకుకి మొదటిసారి పదకొండు సెకన్లు వచ్చాయి, రెండోసారి నాలుగు. ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తారు. డిగ్రీ చేతికొస్తే ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. లాండ్రీ ఆవిరికీ, తడిగుడ్డల బరువుకీ ఆమె మణికట్లు రెండూ వాచిపోయాయి. ఈమధ్య జడ కూడా వదినే వేస్తోంది.

"అంత గొంతు పెట్టుకుని ఆ పెద్దాయన ముందు మూగనోము పడతావేమే?" అంది వదిన, చిక్కు తీస్తూ.

"నాకు రాక కాదు వదినా. శ్రమ గురించి, దోపిడీ గురించి నలభై పేజీలు కంఠతా వచ్చు."

"ఆ రాసినాయన ఎప్పుడైనా దుప్పట్లు ఉతికాడా?"

"ఆయన చాలా గొప్పవాడు."

"అయితే పరీక్షకి ఆయన్నే పంపించు. కదలకు, పాయ జారిపోతోంది."

పరీక్ష రోజు మైకు కంటే ముందు వెళ్ళిన కుర్రాడు రుమాలుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఎంత?"

"రెండు సెకన్లు. మంచినీళ్ళు అడిగాను, అదొక్కటే వినపడిందట."

మైకు లోపలికెళ్ళి కూర్చుంది. నలభై పేజీలూ మొదటి నుంచి అందుకుంది. విముక్తి దగ్గర చెయ్యి కూడా పైకెత్తింది. గుమాస్తా పెన్సిలుతో చెవి గోక్కుంటున్నాడు. వాచీ సున్నా దగ్గరే ఉంది. అయిదో పేజీకి ఆమెకు ఓపిక అయిపోయింది.

"అయిందా అమ్మా?" అన్నారు మాస్టారు.

"లేదు సార్." గుమాస్తా వాచీ నొక్కాడు. "పొద్దున నాలుగో వార్డు నుంచి ఒక దుప్పటి వచ్చింది సార్. మనిషి పోయాక తీసింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. నీళ్ళల్లో వెయ్యడానికి చెయ్యి రాలేదు. మేస్త్రీ అరుస్తున్నాడు. నేను దాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడ్డాను. ఆ వేడి ఎవరిది సార్? ఆయనదంటే ఆయన లేడు. దుప్పటిదంటే అది గుడ్డముక్క. కాసేపటికి అది ఆయనదో నాదో నాకే తెలీలేదు."

ఆగి ఆగి చెప్పింది. గేటు దగ్గర రెండేళ్ళుగా లాండ్రీవాళ్ళ గురించి అరుస్తున్నా, ఇలాంటి దుప్పట్లు వస్తాయని ఒక్కసారీ చెప్పలేదని చెప్పింది. చివరికి దాన్ని నీళ్ళల్లో వేశానని, ఏదో తప్పు చేసినట్టుందని, అదేం తప్పో చెప్పమని అడిగింది.

"రెండు నిమిషాల పది," అన్నాడు గుమాస్తా. "ఇంకో యాభై సెకన్లు కావాలమ్మా."

మైకు దగ్గర ఇంకేం మిగల్లేదు.

మాస్టారు నోరు తెరిచారు. ఆయన మాట్లాడితే వినపడేదేముందిలే అని గుమాస్తా అటు చూడనే లేదు, వాచీ ఆపడం మరిచిపోయి తల దించుకుని రిజిస్టరు తిప్పుకుంటున్నాడు.

"నాకు తెలీదమ్మా," అన్నారు మాస్టారు. గొంతు తుప్పుపట్టినట్టుంది. "మా ఆవిడ పోయిన పొద్దున నేనూ దిండు కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆ దిండు చల్లబడేదాకా ఎవర్నీ పిలవలేదు. ఆ చేసింది ఏమిటో పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుందని, ఇన్నేళ్ళుగా అవే పేజీలు తిరగేస్తున్నాను."

"దొరికిందా సార్?"

"లేదు. నువ్వు ఎంతసేపు పట్టుకున్నావు?"

ఆమె చెప్పింది. ఆయన ఇంకోటి అడిగారు. బయట పిల్లలు తలుపు తట్టేదాకా మాటలు సాగాయి.

గుమాస్తా వాచీ చూసి, ఆమె నంబరు ఎదురుగా పదకొండు నిమిషాలని వేశాడు.

"అందులో సగం సార్‌వి," అంది మైకు.

"మాస్టార్లకు ఇందులో గడి లేదమ్మా. సంతకం పెట్టు. ఇంకా ఎనిమిది మంది ఉన్నారు."

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన అటు తిరిగి, ఖాళీ బోర్డుతో ఇంకా ఏదో మెల్లగా చెబుతూనే ఉన్నారు. ప్రతి మాటా వినపడుతోంది.

మైకు సంతకం పెట్టింది.