ముక్కు మీది గాడి

ఆరు నెలల కింద డాక్టర్ మధులత తన చేత్తో లేజర్ పెట్టి కాపాడాననుకున్న భద్రు ముందుపళ్లు, ఇవాళ గాజుపెంకుల్లా పలచబడి, అంచులు విరిగి కనిపించాయి.

లైటు ఆపి మళ్లీ వేసి చూసింది. అవే పళ్లు. పినపాక క్యాంపులో పొద్దుటి నుంచి ఇతను ముప్పై ఏడో మనిషి. మణికట్టు పీకుతోంది. బయట బెంచీ మీద ఇంకా పదకొండు మంది ఉన్నారు. అందరూ భద్రుతో పాటు బ్యాటరీ ఛార్జింగ్ షెడ్డులో, పళ్లను కరిగించే ఆసిడ్ ఆవిరి మధ్య పనిచేసేవాళ్లే. భద్రును చూసి లేజర్ కోసం వచ్చినవాళ్లే. అతనికే పనిచేయకపోతే వాళ్లను ఏ మొహంతో కుర్చీ ఎక్కించాలి?

లేజర్ ఆసిడ్‌ను ఆపదు. పంటిపై పొరను కాస్త గట్టిపరిచి, కరగడాన్ని నెమ్మది చేస్తుంది. అంతే. ఈ సంగతి ఆ రోజు విడమరిచి చెప్పిందో, ఓపిక లేక వదిలేసిందో ఆమెకు గుర్తులేదు.

"మిషన్ ఖరాబయిందేమో మేడమ్," అంది నర్సు శ్రీదేవి.

మధులత పరీక్షించింది. మిషన్ బాగానే ఉంది.

"కూల్‌డ్రింకులు తాగుతున్నవా?"

"చాయ్ తాగనీకే పురుసత్ లేదు డాక్టరమ్మా, గవెక్కడియి!"

"పులితేన్పులు?"

"మా ఇంటి కారం తిన్నంక తేన్పు గూడ భయపడి రాదు."

శ్రీదేవి నవ్వింది. మధులతకు నవ్వే ఓపిక లేదు. చిన్న అద్దం పెట్టి పళ్ల లోపలివైపు చూసింది. చెక్కుచెదరలేదు. దవడపళ్లూ అంతే. తిండి వల్లో కడుపు వల్లో అయితే ముందు పోయేవి అవే. ఇది గాలిలోంచి, ఎదురుగా వచ్చి తిన్న ఆసిడ్.

"మాస్కు పెట్టుకుంటున్నవా?"

"అవ్, రోజూ."

అప్పుడు పళ్లు వదిలి మొహం చూసిందామె. ఆరు నెలల కింద అతని ముక్కు మీద మాస్కు ఒత్తిన గాడి ఉండేది. ఇప్పుడక్కడ చర్మం నున్నగా ఉంది.

"భద్రన్నా, గాడి ఏమయింది?"

అతను బొటనవేలితో ముక్కు రుద్దుకుని, తలుపులోంచి బెంచీ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. చివర కూర్చున్న బక్కపలచటి ఆడమనిషి ముక్కు మీద ఎర్రటి గాడి.

మధులత మళ్లీ భద్రు వైపు తిరిగింది.

"నా మాస్కు ఆ పూలికిచ్చిన, డాక్టరమ్మా," అన్నాడు భద్రు. "మా తండా కోడలు. కాంట్రాక్టోళ్లకు మాస్కులియ్యరు. చేరిన వారం దినాలకే దగ్గు పట్టుకుంది. సూపర్‌వైజర్‌నడిగితే రేపు, మాపు అన్నడు. లేజర్ పెట్టిననాడు నువ్వే అంటివి గదా, ఇగ నీ పళ్లు రాయి లెక్క అయినయని. రాయికి మాస్కెందుకనుకున్న. సల్లనీళ్లు తాగితే జివ్వుమన్ననాడే నాకు తెలిసింది. గని ఇచ్చింది వాపసెట్ల అడుగుత? పెట్టుకుంటున్ననని నీకు అబద్ధం చెప్పిన."