నిటారు చేసిన సిలువ

మా మావయ్యగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన కంటికి ప్రపంచమంతా పక్కకి ఒరిగి కనిపిస్తుంది. పక్కింటి వాళ్ళ క్యాలెండరు, గుడివాడ బస్సులో డ్రైవరు నెత్తిన వేలాడే దేవుడి పటం, పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకు బాసికం, ఏదీ వదలరు. లేచి వెళ్ళి సరిచేసి వస్తారు. నా బొట్టు కూడా ఓసారి అత్తయ్యగారి చేత సరిచేయించారు. ఇంత నిటారైన మనిషితో వేగి వేగి నేనే కాస్త వంగాను.

మా మావయ్య భుజంగరావుగారంటే పెడనలో పేరున్న మనిషి. కలంకారీ గుడ్డ మీద అద్దే టేకు అచ్చులు చెక్కుతారు. మా ఆయన దుర్గాశ్రీనివాస్ ఆ అచ్చులు అద్దుతారు. డిగ్రీ చదివిన పాపానికి ఫోనూ ఇంగ్లీషూ నా వాటాకి వచ్చాయి.

ఆ ఫోనులోంచే స్టెఫానియమ్మ మా ఇంట్లోకి వచ్చింది. అసలు పేరు స్టెఫానియా, అమ్మని నేను తగిలించాను. ఎనభై దాటిన మనిషి. కెనడాలో గోధుమ పొలాల మధ్య వాళ్ళదో చిన్న చర్చి. వాళ్ళ తాతలు ఉక్రెయిన్ నుంచి వెళ్ళి, చెట్లు కొట్టి, దుంగలు పేర్చి, మట్టి మెత్తి కట్టుకున్నారట, పైన ఉల్లిపాయలాంటి గుమ్మటంతో సహా. చర్చి అయితే లేచింది గానీ అందులో ప్రార్థన చేయించే తమ ఫాదరు ఏళ్ళ తరబడి రాలేదు. వేరే శాఖల ఫాదర్లు మాత్రం వచ్చారు. మీ పాటలూ పద్ధతులూ వదిలేసి మాలో కలిసిపొండి అన్నారు. వీళ్ళు కలవలేదు. గుడ్‌ఫ్రైడే నాడు స్టెఫానియమ్మ నాయనమ్మ, సొంతూరి నుంచి పెట్టెలో తెచ్చుకున్న గుడ్డ తీసి బల్ల మీద పరిచేది. దాని మీద సమాధిలో పడుకోబెట్టిన ఏసు, వెనక సిలువ. అందరూ మోకాళ్ళ మీద వచ్చి దాన్ని ముద్దు పెట్టుకుని, కంఠతా వచ్చిన పాటలు పాడుకునేవారు. ఫాదరు లేని చోట ఆ గుడ్డే వాళ్ళకి ఫాదరు.

పోయిన చలికాలం చర్చిలో చలి కాచుకునే పొయ్యి నిప్పు ఎగిసి ఆ గుడ్డ కాలిపోయింది. ఇప్పుడు వచ్చేవాళ్ళంతా ఒక్క బెంచీలో సరిపోతారు. ఈ గుడ్‌ఫ్రైడే అయ్యాక తలుపులకి తాళమే. ఆ చివరి ప్రార్థన గుడ్డ లేకుండా చెయ్యలేమని, ఎక్కడో మ్యూజియంలో బందరు కలంకారీ చూసి, మమ్మల్ని వెతికి పట్టుకుందావిడ. కాలిపోయిన గుడ్డది పాత ఫొటో ఒకటి పంపింది. అది చూసి మావయ్యగారు అచ్చు చెక్కారు, మా ఆయన అద్దారు.

గుడ్డ బాగా వచ్చింది. నలుపు నిగనిగలాడుతోంది. నేను ఫొటో తీసి పంపి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. పొద్దు గుంకే వేళకి వాయిస్ మెసేజ్ వచ్చింది. మెచ్చుకోలు లేదు. వాళ్ళ సిలువకి అడ్డంగా మూడు కొయ్యలుంటాయట. పాదాల కింది కొయ్య ఏటవాలుగా ఉండాలి. ఒక కొస పైకి, ఏసుకి చెరోపక్క సిలువ వేసిన ఇద్దరిలో పశ్చాత్తాపపడ్డ దొంగ వైపు. రెండోది కిందికి, పడని దొంగ వైపు. నాయనమ్మ ఆ గుడ్డ మీద వేలు పెట్టి పిల్లలకి నేర్పిన పాఠం అదొక్కటే. మేము పంపిన ఫొటోలో ఆ కొయ్య తిన్నగా, మంచం పట్టెలా ఉంది.

మా ఆయన అచ్చు తెచ్చి చూశారు. అచ్చులోనూ తిన్నగానే ఉంది.

ఆ పాత ఫొటో తీసినవాడి చెయ్యి వంకరన్నారు మావయ్యగారు.

"చెయ్యి వంకరైతే మిగతా రెండు కొయ్యలూ ఒరగాలి కదా నాన్నా?"

ఆయన కండువా దులుపుకున్నారు. తమ పెళ్ళైన కొత్తలో తన పుట్టింటి గడియారం సరిచేస్తానని ఆపేసినప్పుడు కూడా తప్పు గడియారానిదే అన్నారని అత్తయ్యగారు వంటింట్లోంచి గుర్తుచేశారు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

కరక్కాయ నీళ్ళు తాగిన గుడ్డ మీద ఇనుప నలుపు పడితే, గుడ్డ చిరగాలి గానీ నలుపు పోదు. కొత్తది అద్దితే పారే నీళ్ళలో జాడించాలి, లేకపోతే రంగు మరకలై బొమ్మంతా పాకుతుంది. ఆ వారమే వేసవికని కాలువలు కట్టేశారు. మా ఆయన వెళ్ళి చూసి వచ్చారు. అడుగున బురద, అక్కడక్కడ ఆకుపచ్చ మడుగులు. మళ్ళీ నీళ్ళు వదిలేసరికి గుడ్‌ఫ్రైడే దాటిపోతుంది, ఆ చర్చికి తాళం పడిపోతుంది. ఆయన గట్టు మట్టి కాళ్ళతోనే అరుగు మీద కూర్చుండిపోయారు. తండ్రి అన్నానికి పిలిచినా లేవలేదు.

నేను అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఎండకి అచ్చు పగిలిందని ఒకటి, కుర్రాళ్ళెవరో మార్చేశారని ఒకటి. రెండూ ఇంగ్లీషులో బాగానే కుదిరాయి.

మర్నాడు సాయంత్రం స్టెఫానియమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. తిట్టలేదు. కర్ర పట్టుకుని మంచులో నడుస్తూ ఫోను అటూ ఇటూ తిప్పింది. తలుపు మీద సిలువ, పాదాల కొయ్య ఏటవాలు. గుమ్మటం మీద, అదే. వెనక సమాధులు, మంచులో మొదలు మునిగిన ఇనప సిలువలు, వరసలు వరసలుగా, పాదాల కింది అడ్డకమ్మీలన్నీ ఒకే వైపుకి వాలి. నాయనమ్మ సమాధి దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంది. ఎంతమంది వచ్చి ఎన్ని చెప్పినా ఇక్కడెవరూ దీన్ని తిన్నగా చెయ్యలేదంది. కావాలంటే ఆ గుడ్డే పంపించమంది. ముద్దు పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అంది.

"ఎవరు తిన్నగా చేశారు?" అని మాత్రం అడిగింది.

నేను మొదటి అబద్ధానికి నోరు తెరిచాను. మావయ్యగారు ఎప్పుడొచ్చారో నా వెనకే నిలబడి ఉన్నారు. ఆ సమాధులన్నీ చూసినట్టున్నారు. చెయ్యి చాచి ఫోను అందుకున్నారు. చేతిలో ఫోను వంకరగానే ఉంది, ఆయన సరిచెయ్యలేదు.

"ఆవిడకి చెప్పమ్మాయ్. ఆవిడ పంపిన ఫొటో బాగానే ఉంది. వంకరనుకుని మట్టం పెట్టి నేనే తిన్నగా చెక్కాను. తప్పు నాది."